ఎక్కడానికి ఒక ఎద్దు

నా ఉద్యోగమంతా పిల్లల్ని వరుసలో నిలబెట్టడమే. డ్రిల్లు సారుని. ఒక విజిలు, ఒక వాలీబాలు, నెత్తిన ఎండ, ఇంతే నా ఆస్తి. ఎక్కువ కాలం ఆళ్ళగడ్డలో పనిచేసి, చివరి కొన్నేళ్ళు నంద్యాలలో చేసి, అక్కడే రిటైరై, కాలువకు కాస్త ఇవతల కొత్తగా లేచిన కాలనీలో ఇల్లు కట్టుకున్నాను. పిల్లల సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని కాలనీలో అందరూ అనుకున్నారు. అందరికంటే ముందు నేనే అనుకున్నాను. రాతి ఎద్దు వ్యవహారం జరిగాక మాత్రం నాకు తెలిసింది ఏమిటో, తెలియనిది ఏమిటో విడదీసి చెప్పమంటే చెప్పలేను. రాస్తే ఏమైనా తేలుతుందేమోనని రాస్తున్నాను. తేలకపోతే నన్ను తిట్టుకోకండి.

మా కాలనీలో మూడు వీధులు, వాటి నడుమ ఒక ఖాళీ స్థలం. కాగితాల మీద అది పార్కు. కంటికి కనిపించేది తుమ్మచెట్లు, ఇల్లు కట్టుకున్న ప్రతివాడూ మిగిల్చిపోయిన ఇటుక ముక్కలు, వాటి మధ్య పందులు. పిల్లలేమో వీధిలో క్రికెట్టు ఆడేవాళ్ళు. బంతి ఎవరింట్లో పడితే వాళ్ళు తీసి దాచేసేవాళ్ళు. మా అటక మీదే ఏడు బంతులున్నాయి. దాచిందెవరో చెప్పను. ఒకరోజు మోటారు సైకిలు ఒక పిల్లవాణ్ణి రాసుకుంటూ పోయింది. వాడికేం కాలేదు కానీ, ఆ ఆదివారం పెద్దమనుషులందరూ మా ఇంటి వరండాలో కూర్చుని, కాలనీని పిల్లలకు అనుకూలంగా మార్చాలని తీర్మానించారు. మార్చేదెవరు అన్న మాట రాగానే అందరూ నా వైపు చూశారు.

మర్నాటికల్లా నేను ఒక పెద్ద చార్టు మీద పటం గీశాను. చుట్టూ పరుగుబాట, ఒక మూల కడ్డీలు, ఒక మూల తాడు, నడుమ కవాతుకు చోటు. మా ఆవిడ వచ్చి కాఫీ గ్లాసు సరిగ్గా కవాతు మీద పెట్టింది.

"పిల్లోళ్ళను అడిగినారా?"

"వాళ్ళనేం అడిగేది? వాళ్ళకేం తెలుసు?"

"ఆడేది వాళ్ళు గదా," అని లోపలికి వెళ్ళిపోయింది.

నాకు ముక్కుమీద కోపం. గ్లాసు తీస్తే కవాతు మీద గుండ్రంగా మరక పడి ఉంది.

సరే, అడుగుదామనుకున్నాను. ఆ సాయంత్రం ఖాళీ స్థలం దగ్గరికి పిల్లలందరినీ రమ్మన్నాను. ఇరవై మంది దాకా వచ్చారు. అలవాటు ఎక్కడికి పోతుంది, విజిలు ఊది పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక నిలబెట్టాను. ఏం కావాలో ఒక్కొక్కరే చెప్పమన్నాను.

"క్రమశిక్షణ కావాల సార్," అన్నాడు మొదటివాడు.

"పరిశుభ్రత సార్," అన్నాడు రెండోవాడు.

మూడోవాడు చాలాసేపు ఆలోచించి, "చెత్తడబ్బా సార్," అన్నాడు.

నేను తల ఊపుతూ రాసుకుంటున్నాను. వాళ్ళు చెబుతున్నది వాళ్ళకు కావలసింది కాదని, నాకు కావలసిందని అప్పుడు నాకు తట్టలేదు. ఇన్నేళ్ళ సర్వీసు చేసినవాణ్ణి, అంతమాత్రం ఎందుకు తట్టలేదో ఇప్పటికీ తెలియదు. వరుసలో తర్వాత ఒక తొమ్మిదేళ్ళ పాప ఉంది. పక్క వీధి టీచరమ్మ కూతురు. రెండు జడలు, మోకాలి మీద ఎప్పుడూ ఒక కొత్త గాయం.

"ఎక్కేదానికి ఎద్దు గావాల సార్."

వరుసంతా ఘొల్లుమంది. నేను విజిలు ఊదాను.

"ఎద్దేంది పాపా?"

"పాములపాడు కాడ మా అవ్వోళ్ళకు ఎద్దు ఉండె సార్. దాని మింద ఒకసారి కూచున్యా. ఈసారి పోయి కూచుందామంటే అమ్మేసినారు. ఈడైతే ఎవురూ అమ్మరు గదా."

నవ్వేవాళ్ళు నవ్వడం మానేశారు. క్రమశిక్షణ అడిగినవాడు ముందుకొచ్చి, నాకూ ఎద్దే కావాల సార్ అన్నాడు. తర్వాత అందరూ ఎద్దే అన్నారు. చెత్తడబ్బా వాడు కూడా.

బతికున్న ఎద్దును తెచ్చి పార్కులో కట్టలేం కదా. రాతి ఎద్దు అనుకున్నాం. రాతి పని అంటే మాకు ఆళ్ళగడ్డ. బస్సెక్కి వెళ్ళాను. అక్కడ రోడ్డు పక్కన వరసగా శిల్పుల షెడ్లు. తెల్లటి దుమ్ములో దేవుళ్ళు నిలబడి ఉంటారు, కొందరికి ముఖం వచ్చి ఉంటుంది, కొందరికి ఇంకా రాదు. నేను వెళ్ళిన షెడ్డు ఒకప్పటి నా శిష్యుడిది. డ్రిల్లు పీరియడ్లో గ్రౌండు మీద పలుగురాయితో బొమ్మలు గీస్తుంటే నేను వీడి చేత గ్రౌండు చుట్టూ పరుగులు పెట్టించేవాణ్ణి. వాడు గ్రైండరు ఆపి, దుమ్ము చేతులు లుంగీకి తుడుచుకుని, నా కాళ్ళకు దండం పెట్టాడు. విషయం విని అడిగాడు:

"ఎద్దా సార్, నందా?"

"తేడా ఏందప్పా?"

"నిలబడుంటే ఎద్దు. కూచోనుంటే నంది. ఎద్దుకు ముక్కుతాడు. నందికి మెడలో గంటలు."

"కూచున్న ఎద్దు చెయ్యప్పా. నిలబడేది చేస్తే పిల్లోళ్ళు పైనుంచి పడతారు."

"గంటలు?"

వాడి వెనకాల ఒక నంది పూర్తయి ఉంది. ఏ ఊరి గుడికో పోవలసింది. దాని మెడలో గంటల పట్టెడ ఎంత బాగుందంటే, ఒక్కో గంటలోనూ నాలుక కూడా చెక్కి ఉంది. దాన్ని చూశాక నా మనసు ఆగలేదు. అదే అసలు కారణం. పైకి మాత్రం, "పెట్టు, పట్టుకునేదానికి ఉంటాది," అన్నాను.

"అయితే అది నంది అయితాది సార్."

"పిల్లోళ్ళకు ఎద్దే," అన్నాను దర్జాగా.

మా నంద్యాల చుట్టూ తొమ్మిది నందుల గుళ్ళున్నాయి. ఊరి పేరులోనే నంది ఉంది. అలాంటి ఊళ్ళో కాపురముంటూ, గంటలున్న రాతి ఎద్దును కాలనీ నడుమ పెట్టి అది ఎద్దుగానే ఉంటుందని ఎలా అనుకున్నానో నన్నడగకండి. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. మా దగ్గర అది తిరగబడింది.

బండి తీసుకుని రెండోసారి వెళ్ళిన రోజు ఇంకొకటి జరిగింది. ఎద్దు తయారుగా ఉంది, నున్నగా, నల్లగా, నలుగురు పిల్లలు కూర్చునేంత వీపుతో. కళ్ళు మాత్రం ఇంకా తెరవలేదు. నా శిష్యుడు గడియారం చూస్తూ కూర్చున్నాడు.

"పిల్లోళ్ళ బొమ్మకు ముహూర్తం ఏందప్పా? బేగ కానీ."

"కండ్లు తెరవనిదాన్ని బండి ఎక్కియ్యను సార్. మా నాయన గూడా ఎక్కియ్యలేదు."

అది వాళ్ళ పని పద్ధతి. నేను కాదనడానికి ఎవరిని? టైము రాగానే సన్నటి ఉలితో రెండు కళ్ళల్లో రెండు గీతలు గీశాడు. నుదుట కుంకుమ పెట్టాడు. టెంకాయ నా చేతికిచ్చి, పెద్దోళ్ళు మీరే కొట్టండి సార్ అన్నాడు. కొట్టాను. సరిగ్గా నడిమికి పగిలింది. నాకు భలే సంతోషమైంది. నంద్యాల దాకా బండిలో ముందు కూర్చుని, వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూ వచ్చాను. ఆ కుంకుమ తుడిచేద్దామని దారిలో ఒకసారి అనిపించింది. చెయ్యి రాలేదు.

ఎండాకాలం సెలవులు. తుమ్మచెట్లు కొట్టించి, ఇటుక ముక్కలు ఎత్తించి, ఎద్దును పార్కు నడుమ దించాం. తర్వాత మూడు వారాలు మా కాలనీలో ఉన్నంత గోల నేనెక్కడా వినలేదు. ఎద్దు ఒకరోజు బస్సు అయ్యేది, ఒకరోజు విమానం, ఒకరోజు పడవ. టీచరమ్మ కూతురికి మాత్రం అది రోజూ ఎద్దే. ఆ పాప ఎప్పుడూ ముందర కూర్చునేది, గంటల పట్టెడ రెండు చేతులా పట్టుకుని. ఆ చోటు ఆ పాపదని అందరికీ తెలుసు. నేను ఊరుకోలేక నా చేతిరాతతో ఒక బోర్డు రాసి పెట్టాను: అరవరాదు, తోయరాదు, నలుగురికి మించి ఎక్కరాదు, ఇలా పదకొండు నియమాలు. పిల్లలు ఆ బోర్డును వికెట్లు చేసుకున్నారు. 

మే నెల ఎండకు నల్లరాయి పెనంలా కాలుతుంది. సాయంత్రం ఐదింటికి కూడా కూర్చోనివ్వదు. అందుకని పిల్లలు ఇళ్ళనుంచి సీసాలతో, చెంబులతో నీళ్ళు తెచ్చి ఎద్దు మీద పోసి, చల్లారాక ఎక్కేవాళ్ళు. ఈ ఉపాయం కూడా ఆ పాపదే. రోజూ సాయంత్రం చిన్నాపెద్దా పిల్లలు వరసగా చెంబులు పట్టుకుని వచ్చి, నల్లటి నంది నెత్తిమీద నీళ్ళు కుమ్మరిస్తుంటే, పార్కు ఎదురింటి వరండాలోంచి ఒక ముసలామె చూస్తూ ఉండేది.

ఆమెను నేను అక్కా అంటాను. సంజామల వైపు పెద్ద రైతు కుటుంబం. భర్త పోయాక కొడుకు దగ్గరికి వచ్చి ఉంది. ఒకరోజు నన్ను పిలిచింది.

"సారప్పా, పిల్లోళ్ళు రోజూ అభిషేకం చేస్తాండారు. మనం పెద్దోళ్ళమై ఉండి ఏం చేస్తాండాం?"

నేను నవ్వేసి ఊరుకున్నాను. అది అభిషేకం కాదక్కా, కూర్చోవడానికి చల్లారబెడుతున్నారని ఆ రోజే చెప్పి ఉంటే ఈ కథ ఉండేది కాదేమో. ఎందుకు చెప్పలేదో నాకే అర్థం కాదు. ఆమె ముఖంలో ఆ సంతోషం చూసి పాడుచేయబుద్ధి కాలేదనుకుంటా.

ఏరువాక పున్నమి వచ్చింది. పల్లెల్లో ఎద్దులకు స్నానాలు చేయించి, కొమ్ములకు రంగులు పూసి, మొక్కుకునే రోజు. మా కాలనీలో సగం ఇళ్ళు పల్లెల నుంచి వచ్చినవే. ఎవరింట్లోనూ ఎద్దుల్లేవు. పొద్దున్నే అక్క వచ్చి రాతి ఎద్దును కడిగి, కొమ్ములకు రంగేసి, పసుపూ కుంకుమా పెట్టి, ఎదుట టెంకాయ కొట్టింది. చూసినవాళ్ళందరూ ఇళ్ళకు పోయి తలా ఒక పళ్ళెం పట్టుకుని వచ్చారు. మా ఆవిడ కూడా వెళ్ళింది. నేను రెండు భక్ష్యాలు తిని, బాగున్నాయని ఇంకొకటి అడిగి పెట్టించుకున్నాను.

మర్నాడు సాయంత్రం పాప చెంబుతో వచ్చింది. నీళ్ళు పోసింది. ఒక కాలు పైకి వేసింది.

"దిగు పాపా! పసుపు కుంకుమ ఉండాయి, కనపళ్ళేదా?" అని ఎదురింటి నుంచి కేక.

పాప కాలు అలాగే పెట్టి నా వైపు చూసింది. నేను అక్కడే ఉన్నాను. జేబులో విజిలు కూడా ఉంది. జీవితంలో ఊదవలసిన చోట ఊదకుండా వదిలేసింది ఆ ఒక్కసారే.

"ఈ పూటకు దిగు పాపా," అన్నాను.

ఈ పూట అన్నది అలా సాగుతూనే పోయింది. ప్రతి సోమవారం టెంకాయలు మొదలయ్యాయి. పిల్లలు తగలకుండా చుట్టూ ఇనుప కంచె, దానికొక చిన్న గేటు వచ్చాయి. కంచె పెట్టించిన దాత పేరు నా పదకొండు నియమాల మీద రంగేసి రాశారు, కింద చెప్పులు విడిచి రావలెను అని. పిల్లలు మళ్ళీ వీధిలోకి వచ్చారు. మా అటక మీద ఎనిమిదో బంతి చేరింది. ఈసారి మాత్రం దాచింది నేను కాదు, మా ఆవిడ. నన్ను అడగకుండా దాచింది, నేనూ అడగలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ దేవుడు ఏమీ అనలేదు, పూజారి లేనే లేడు. అడ్డం పడింది మేమే.

టీచరమ్మ కూతురు వీధిలోకి కూడా రాలేదు. వారం చూసి వాళ్ళింటికి వెళ్ళాను. టీచరమ్మ కుర్చీ వేసింది. పాప కిటికీ దగ్గర కూర్చుని హోంవర్కు చేస్తోంది. తలెత్తలేదు.

"పాప ఆటకు రాలేదేందమ్మా?" అన్నాను.

"వద్దులే సార్," అంది ఆమె మెల్లగా. "మేం చర్చికి పోయేవాళ్ళం. వేరే పిల్లోళ్ళు ఎక్కితే, పిల్లోళ్ళు ఎక్కినారంటారు. మా పాప ఎక్కితే వేరే మాట వస్తాది. మీకు తెల్దా సార్?"

నాకు తెలుసు. తెలుసన్న సంగతి అప్పటిదాకా నాకు తెలియదు, అంతే. పాప అప్పుడు పెన్ను కింద పెట్టి అడిగింది.

"సార్, ఏం గావాలని మీరే గదా అడిగింది?"

"అవును పాపా."

"మళ్ళ నేను ఎక్కచ్చా, ఎక్కకూడదా? ఏదో ఒకటి చెప్పండి."

టీచరమ్మ కాఫీ తెస్తానన్నా ఆగకుండా లేచి వచ్చేశాను.

నేరుగా ఎదురింటి అక్క దగ్గరికి పోయాను, నాలుగు దులిపేద్దామని. ఆమె అరుగు మీద వత్తులు చేసుకుంటోంది. నేను నోరు తెరవకముందే మొదలుపెట్టింది.

"సారప్పా, మా ఇంట్లో జత ఎద్దులు ఉండె. ట్రాక్టరు వచ్చినాక అమ్మేసినారు. బండెక్కిస్తాంటే ఒకటి తిరిగి నా దిక్కే చూసె. నేను ఇంట్లోకి పోయి తలుపేసుకుంటి. ఆ పొద్దు దానికి బొట్టన్నా పెట్టి పంపలేదు నేను. ఈ ఎద్దుకు పెడతాంటే కడుపు చల్లగా ఉంటాదప్పా."

పాపకూ ఎద్దును అమ్మేసిన దిగులే, ఈమెకూ అదే దిగులు. ఒకే బాధకు ఒకరు ఎక్కుతామంటారు, ఒకరు మొక్కుతామంటారు. ఎవరిది తప్పో తేల్చి విజిలు ఊదుదామంటే, ఆటలో ఇద్దరూ సరిగ్గానే ఆడారు. వత్తులు రెండు చేసి పెట్టి ఇంటికొచ్చాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి మళ్ళీ ఆళ్ళగడ్డ బస్సెక్కాను. గంటలు చెక్కి తీసేసి, ముక్కుతాడు పెట్టి, దాన్ని మళ్ళీ ఎద్దును చెయ్యమన్నాను. నా శిష్యుడు నవ్వలేదు. ఉలీ సుత్తీ తెచ్చి నా ముందు పెట్టాడు.

"చేస్తా సార్. మొదటి దెబ్బ మీరు ఎయ్యాల. టెంకాయ కొట్టింది మీరే గదా."

నేను ఉలి ముట్టుకోలేదు. వాడే అన్నాడు:

"క్లాసులో మీరే చెప్తాంటిరి గదా సార్, చిన్నప్పుడు మీ ఊర్లో రాతి నంది మింద ఎక్కి ఆడుకుంటాంటిమని. అప్పుడు అది దేవుడు గాదా?"

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. దూరంగా నల్లమల కొండలు తోడొస్తున్నాయి. రుద్రవరం దగ్గరి మా పల్లె గుర్తొచ్చింది. చేనుగట్టు మీద సగం నేలలో కూరుకుపోయిన నంది. ఒక చెవి విరిగింది. మధ్యాహ్నాలు దాని వీపు మీద కూర్చుని పచ్చి శనక్కాయలు ఒలుచుకు తినేవాళ్ళం. సాయంత్రం మా అవ్వ దీపం తెచ్చేది. దిగండ్రా అంటే దిగేవాళ్ళం. దీపం పెట్టి ఆమె అటు పోగానే ఇటు ఎక్కేవాళ్ళం. ఆమెకు కోపం రాలేదు, నందికీ రాలేదు. మొక్కు మొక్కే, ఆట ఆటే. ఇంత సులువైనది ఇప్పుడు ఇంత చిక్కు ఎందుకైంది? దేవుడు మారాడా, మేం మారామా?

ఇదే ప్రశ్న అటు తిప్పీ ఇటు తిప్పీ, దాదాపు నంద్యాల వచ్చేస్తుండగా, ఆ గట్టు కింద నిలబడ్డ పిల్లలు గుర్తొచ్చారు. మా ఈడు వాళ్ళే. గొర్రెల్ని తోలుకుని వచ్చేవాళ్ళు. ఊరికి అవతల, చిన్న చర్చి పక్కన ఉండేవి వాళ్ళ ఇళ్ళు. మేం శనక్కాయలు విసిరితే పట్టుకుని తినేవాళ్ళు. ఎక్కేవాళ్ళు కాదు. ఎవరూ వాళ్ళను వద్దనగా నేను వినలేదు. వాళ్ళకు ఇష్టం లేదేమోనని ఇన్నేళ్ళూ అనుకుంటూ వచ్చాను. అనుకోవడం కూడా కాదు, అసలు ఆలోచించనే లేదు. రండిరా అని నేను ఒక్కసారీ పిలవలేదు. నా మీద నాకే సిగ్గేసింది. ఆ కథను నేను క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో, ఒక్కసారి కూడా గట్టు కింది పిల్లల్ని అందులో చెప్పలేదు.

బస్టాండులో దిగి ఇంటికి పోకుండా టీచరమ్మ ఇంటికి వెళ్ళాను.

"ఎక్కచ్చు పాపా," అన్నాను గుమ్మంలోంచే.

పాప నన్ను పైనుంచి కింది దాకా చూసింది.

"అయితే మీరు ముందు ఎక్కండి."

టీచరమ్మ వద్దు వద్దంటూనే మా వెనక వచ్చింది. ఆ రోజు సోమవారమని దారిలో గానీ గుర్తురాలేదు నాకు. పార్కులోకి వెళ్ళి గేటు తీశాను. తీసి, చెప్పులు విడిచాను.

"చెప్పులు ఎందుకు ఇడుస్తాండారు సార్?"

"జారుతాయి పాపా," అన్నాను. అబద్ధం. ఎందుకు విడిచానో నా కాళ్ళకు తెలుసు, నాకు తెలియదు.

నా మోకాళ్ళు ఎప్పుడో అరిగిపోయాయి. ఒక చెయ్యి మూపురం మీద వేసి కాలెత్తాను. పాదం ఎద్దు డొక్కకు తగిలింది. వెంటనే కాలు దించి, రాతిని తాకిన చెయ్యి కళ్ళకద్దుకున్నాను.

"ఎందుకు మొక్కినారు?"

"కాలు తగిలింది పాపా."

"ఎక్కుతాంటే కాలు తగలదా సార్?"

దీనికి జవాబు ఏ పుస్తకంలో ఉందో నాకు తెలియదు. తప్పయితే క్షమించు తండ్రీ అని లోపల అనుకుని, ఒప్పయితే కూడా క్షమించు అనుకుని, ఈసారి మొక్కకుండా ఎక్కేశాను. ఎక్కి కూర్చున్నాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గంటల పట్టెడ దొరికింది, పట్టుకున్నాను. నున్నగా, చల్లగా ఉంది. వీధిలో క్రికెట్టు ఆగిపోయింది. పిల్లలందరూ కంచె చుట్టూ చేరి, నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. కాలనీకంతటికీ కనబడేలా, అరవై దాటిన డ్రిల్లు సారు ఎద్దు మీద.

"రా పాపా," అన్నాను.

పాప రాలేదు. వాళ్ళమ్మ వైపు చూసింది. టీచరమ్మ నా వైపు చూసింది. అప్పుడే ఎదురింటి నుంచి అక్క, చేతిలో పళ్ళెం, పళ్ళెంలో టెంకాయ పెట్టుకుని రోడ్డు దాటి వస్తోంది. నన్ను చూసి గేటు దగ్గరే నిలబడిపోయింది. పాప ఆమెను చూసింది, నన్ను చూసింది. తర్వాత చెప్పులు విప్పి నా చెప్పుల పక్కన పెట్టి, గేటు లోపలికి వచ్చింది.

"ఎనక్కి జరగండి సార్," అంది. "ముందర నా చోటు. గంటలు నాకు గావాల."

జరిగాను. నా ముందు కాలు వేసి ఎక్కి, పట్టెడ రెండు చేతులా పట్టుకుని, "చల్, చల్," అని ఎద్దును తోలడం మొదలుపెట్టింది.

అక్క పళ్ళెం పట్టుకుని అలాగే చూస్తోంది. పెదవులు కదులుతున్నాయి. తిట్టు కోసం కాచుకున్నాను.

"చల్ అనేది గుర్రాన్ని పాపా," అంది చివరికి. "ఎద్దును అట్లనరు. నాలిక కొట్టల్ల." అని, పళ్ళెం చంకకు ఆనించుకుని, నాలుకతో టక్ టక్‌మని చేసి చూపించింది. 

పాప నేర్చుకుని, టక్ టక్‌మంది. కంచె బయట పిల్లలందరూ టక్ టక్‌మన్నారు. అక్క ఇంకొకసారి చేసింది, ఈసారి పాపకు చూపడానికి కాదు. కళ్ళు ఎద్దు మీదే ఉన్నాయి. ఒప్పుకుందో, ఎద్దును చూసి మమ్మల్నిద్దరినీ మరిచిపోయిందో నేను చెప్పలేను.

కొంతసేపటికి పళ్ళెంలో టెంకాయ గుర్తొచ్చినట్టుంది.

"పొద్దు పోతాంది. ఎప్పుడు దిగుతావప్పా?" అని నన్నడిగింది.

నేను పాప రెండు జడల వెనక కూర్చుని ఉన్నాను. కాళ్ళు నేలకు అందడం లేదు.

"నాకూ తెల్దక్కా," అన్నాను. "పాపను అడుగు."